చోడవరం నుంచి జిద్దాకు ఎంత దూరం? ఎంతసేపు?

ఉమ్రాకు బయలుదేరే పెద్దలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. బడిలో పాఠాలు చెబుతాం కాబట్టి మాకు తెలిసే ఉంటుందని వారి నమ్మకం.

పోయిన ఏడు మా వీధి పెద్దావిడ ఒకరు టికెట్టు చూసి, "హైదరాబాదులో పొద్దున 10కి ఎక్కితే ఒంటిగంటకు జిద్దాలో దిగుతాం, మూడు గంటలేగా" అన్నారు. ఆవిడకు షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నారు, భోజనం దిగాక చేద్దామనుకుని విమానంలో ఇచ్చింది ముట్టలేదు. దారిలో కళ్ళు తిరిగాయి. పక్క సీటువారి ఖర్జూరాలు ఆదుకున్నాయి.

ఆవిడ లెక్కలో తప్పెక్కడ? హైదరాబాదు నుంచి జిద్దాకు గగనమార్గంలో సుమారు 4,100 కిలోమీటర్లు. విమానం గంటకు 850 కిలోమీటర్ల చొప్పున పోయినా ఐదు గంటలకు కాస్త తక్కువ. పైకి లేవడం, దిగడం, పడమటి నుంచి వీచే ఎదురుగాలి కలిపితే ఐదున్నర నుంచి ఆరు గంటలు. మరి టికెట్టు మీద మూడెందుకు కనబడింది? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. సౌదీ గడియారం 45 డిగ్రీలది. తేడా 37.5 డిగ్రీలు, అంటే రెండున్నర గంటలు. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. చోడవరంలో మగ్రిబ్ అయిన పావుగంట దాటాక గాని హైదరాబాదులో కాకపోవడానికీ కారణం ఇదే, సూర్యుడు అక్కడికి ఆలస్యంగా చేరతాడు.

విమానం సంగతి అలా ఉంచితే, అసలు అలసట నేల మీదే. అనకాపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి రాత్రంతా రైలు. పొద్దుటి విమానమైతే ముందురోజే హైదరాబాదు చేరాలి. షంషాబాదులో మూడు నాలుగు గంటల ముందుండాలి. జిద్దాలో దిగాక పాస్‌పోర్టు వరుస, ఆపై మక్కాకు మరో గంటన్నర బస్సు. ఇంటి గడప నుంచి లెక్కిస్తే ఒకటిన్నర రోజుకు తక్కువ కాదు. 1995 వరకు బొంబాయి నుంచి ఓడల్లో వెళ్ళిన హాజీలకు ఇది నవ్వులాటగా ఉంటుంది, కానీ వారు ఓడలో కాళ్ళు చాపుకుని పడుకోగలిగారు.

కనుక పేద వృద్ధులకు టికెట్టు కొనిచ్చే దాతలకు మా విన్నపం: వేరే దేశంలో విమానం మారే టికెట్టు కొంత చవకగా దొరుకుతుంది. కానీ ఆ మార్పిడికి ఐదారు గంటలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పడుతుంది. అరవై దాటినవారికి నేరుగా వెళ్ళే విమానమే చూడండి. వీల్‌చైరు కావాలని టికెట్టు కొనేటప్పుడే చెప్పించండి. మాత్రలు, బిస్కెట్లు పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో ఉండాలి. మందుల వేళకు దారి పొడవునా మన గడియారమే చూసుకోమనండి, మక్కా చేరాక అక్కడి వేళకు ఎలా మార్చుకోవాలో డాక్టరుగారిని ముందే అడిగించండి.

తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది, ఐదు గంటలు చాలు. గడియారం మాత్రం ఏడున్నర చూపిస్తుంది.