పైలట్ ఓరల్ ఎగ్జామ్: "తెలీదు సార్" అనడం కూడా రావాలి

ప్రైవేట్ పైలట్ అవ్వాలని ఉన్నవాళ్ల కోసం ఇవాళ్టి ఎపిసోడ్. విమానం నడపడం గురించి కాదు, దానికి ముందు కుర్చీలో కూర్చుని ఇచ్చే ఓరల్ గురించి మాట్లాడుకుందాం. చాలామందికి భయం అక్కడే.

అమెరికాలో నేర్చుకునే మనవాళ్లకి దీని పేరు చెక్‌రైడ్. ముందు ఓరల్, తర్వాత ఫ్లయిట్. ఓరల్‌లో ఫెయిలైతే ఆ రోజు ఫ్లయిట్ టెస్ట్ ఉండదు. మన దేశంలో స్టూడెంట్ పైలట్ లైసెన్స్ దగ్గరే ఓరల్ మొదలవుతుంది. రూల్స్, నావిగేషన్, వాతావరణం, విమానం-ఇంజన్ మీద అడుగుతారు. దానికి 16 ఏళ్లు నిండాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి 17 ఏళ్లు, టెన్త్ పాస్, కనీసం 40 గంటల ఫ్లయింగ్ ఉండాలి.

నా సంగతి చెప్తా. ప్రాక్టీస్ ఓరల్‌లో ఒక పెద్దాయన, "ఆల్టర్నేటర్ పోతే ఇంజన్ ఆగిపోతుందా?" అని అడిగారు. నాకు తెలీదు. అయినా ధైర్యంగా "ఆగిపోతుందండి" అనేశా. "మరి మాగ్నెటోలు ఎందుకున్నాయి బాబూ?" అన్నారు. దానికీ ఏదో అల్లేశా. నిజానికి మన ట్రైనింగ్ విమానాల్లో స్పార్క్ మాగ్నెటోల నుంచే వస్తుంది, బ్యాటరీతో పని లేదు. ఆల్టర్నేటర్ పోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. కాసేపటికి పోయేది రేడియో, లైట్లు. ఆయన ఒకటే అన్నారు: "తెలీకపోతే నేర్పుతా. తెలీకుండా తెలిసినట్టు చెప్పేవాణ్ని గాల్లోకి ఎలా పంపను?"

ఓరల్ అంతా ఈ మాటలోనే ఉంది. మీ జ్ఞాపకశక్తి ఎంత అనేది వాళ్లకి రెండో విషయం. ఒంటరిగా ఉన్నప్పుడు ఏ నిర్ణయం తీసుకుంటారో చూస్తారు. మన ఊళ్లతోనే మూడు ప్రశ్నలు చూద్దాం.

ఒకటి. గన్నవరం నుంచి రాజమండ్రికి పెళ్లికెళ్లాలి. దూరం దాదాపు 70 నాటికల్ మైళ్లు. 100 నాట్ల స్పీడ్‌తో 42 నిమిషాలు. దారిలో కింద ఏలూరు. జనవరి ఉదయం, రాజమండ్రిలో మంచు, విజిబిలిటీ 3 కిలోమీటర్లు. మావయ్య ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. వెళ్తారా? చూపు మీద ఆధారపడి ఎగరాలంటే మామూలుగా 5 కిలోమీటర్లు కనపడాలి. కాబట్టి వెళ్లం. మంచు విడేదాకా ఆగుతాం, లేదా కారెక్కుతాం. ఇక్కడ ఎగ్జామినర్ చూసేది 5 అనే అంకె ఒక్కటే కాదు, మావయ్యకి "కాదు" అని చెప్పగలరా లేదా అని.

రెండు. మే నెల, 42 డిగ్రీల ఎండ. టేకాఫ్ మామూలుగానే ఉంటుందా? ఉండదు. సముద్రమట్టం దగ్గర స్టాండర్డ్ 15 డిగ్రీలు. ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 120 అడుగులు కలపండి. 27 డిగ్రీలు ఎక్కువ, అంటే 3,200 అడుగులు పైమాటే. గన్నవరంలో నేల మీదే ఉన్నా, విమానానికి మాత్రం అంత ఎత్తులో ఉన్నట్టే. గాలి పల్చబడుతుంది, రన్‌వే ఎక్కువ కావాలి, పైకి లేవడం నెమ్మదిస్తుంది. ఫ్రెండ్స్‌ని ఎంతమందిని ఎక్కించుకోవాలో లెక్కేశాకే చెప్పాలి.

మూడు. కొల్లేరు పక్కగా వెళ్తుంటే ఇంజన్ ఆగింది. ముందు విమానాన్ని గ్లయిడ్ స్పీడ్‌లో పెట్టాలి. ఆ తర్వాతే చోటు వెతకాలి. చేపల చెరువుల గట్లు ఇరుకు. కోసేసిన వరి చేను నయం. మరి తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది కదా? మామూలు ప్రయాణంలో అది మన ఎయిర్‌పోర్ట్ కాదు, అక్కడ దిగుదామని ప్లాన్ చెయ్యకూడదు. ఎమర్జెన్సీలో అందేంత దూరంలో ఉంటే ఆలోచించొచ్చు. కానీ దాని మీద మనుషులు, బళ్లు ఉన్నారేమో చూసుకోవాలి. ఇంకోటి, ఆటపాక వైపు గూడబాతుల మీదుగా కిందకి ఎగరొద్దు. అంత పెద్ద పక్షి తగిలితే అద్దం పగలొచ్చు.

మరి తెలీని ప్రశ్న వస్తే? "గుర్తు లేదండి, ఈ విమానం హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, చూసి చెప్తాను" అనండి. పుస్తకంలో ఏది ఎక్కడుందో ముందే రంగు కాగితాలు అంటించుకోండి. కాకపోతే ప్రతిదానికీ ఇది కుదరదు. స్టాల్, ఇంజన్ ఫెయిల్యూర్, మంటలు, వీటికి మొదట చేసేవి నోటికి వచ్చి తీరాలి. గాల్లో పేజీలు తిప్పే టైమ్ ఉండదు.

ఈ రాత్రి ఒక పని చెయ్యండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఈ మూడింటికీ మీ జవాబు పైకి చెప్పండి. తర్వాత వినండి. ఎక్కడ గొంతు తడబడిందో అక్కడ చదవాలి. ఎక్కడ తడబడకుండా అబద్ధం చెప్పారో, అక్కడ ఇంకా ఎక్కువ చదవాలి.

ఉంటాను ఫ్రెండ్స్.