వాడిన వస్తువుల ఆన్‌లైన్ కొనుగోలు – అసౌష్ఠవ సమాచారం

వస్తువు గురించి అమ్మేవారికి తెలిసినంత కొనేవారికి తెలియకపోవడాన్ని 'అసౌష్ఠవ సమాచారం' అంటారు. జార్జ్ అకెర్‌లాఫ్ 1970లో వాడిన కార్ల మార్కెట్టు ఉదాహరణతో దీనిని వివరించాడు. కొనేవారు మంచిచెడులను వేరుచేయలేనప్పుడు అన్నింటికీ సగటు ధరే ఇవ్వజూపుతారు. ఆ ధరకు మంచి వస్తువు ఉన్నవారు అమ్మరు, నాసిరకానివే మిగులుతాయి.

ఉదాహరణ: మీరు ముప్కాల్‌లో ఉన్నారు. నిజామాబాద్‌లో ఒక పాత ఫ్రిజ్ అమ్మకానికి ఉన్నట్లు ఓఎల్‌ఎక్స్‌లో చూశారు. ఫొటోలో రంగు కనిపిస్తుంది కాని కంప్రెసర్ పనితీరు కనిపించదు. ఆ సమాచారాన్ని మీరే రాబట్టుకోవాలి.

1. ధర: అడిగిన ధరకు ట్రాలీ ఆటో కిరాయి, మరమ్మతు ఖర్చు కలిపి కొత్తదాని ధరతో పోల్చండి.

2. పరీక్ష: ముందురోజు రాత్రి నుంచే ఆన్ చేసి ఉంచమని చెప్పండి. వెళ్లాక ట్రేలో నీళ్లు గడ్డకట్టాయా, తలుపు రబ్బరు గట్టిగా పట్టుకుంటోందా చూడండి.

3. హక్కు: అసలు బిల్లు అడగండి. వస్తు విక్రయ చట్టం (1930) ప్రకారం దొంగసొత్తు కొన్నవారికి సాధారణంగా యాజమాన్యం రాదు.

4. చెల్లింపు: వస్తువు చూడకముందే అడ్వాన్సు పంపవద్దు. బదిలీపై వెళుతున్న జవానునంటూ తక్కువ ధర చెప్పి అడ్వాన్సు అడగడం తరచుగా జరిగే మోసం.

గమనిక: మీరు అమ్మేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. అడిగారంటే మీ ఖాతా నుంచే డబ్బు పోతుందని అర్థం. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లోని ఒక పాత వస్తువు గురించి మీకు తెలిసి, కొనేవారికి తెలియని అంశాలు ఏవి?