తాళం వేశారు సరే.. మరి తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు, పిల్లల సర్టిఫికెట్లు ఒకప్పుడు బీరువాలో ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలావరకు ఎక్కడో ఉన్న డేటా సెంటర్‌లోని సర్వర్లకు చేరాయి. ‘మీ సమాచారం ఎన్‌క్రిప్ట్ చేశాం, భద్రంగా ఉంది’ అని యాప్‌లు, వెబ్‌సైట్లు చెబుతుంటాయి. ఆ మాట విన్నప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ తాళం చెవి ఎవరి చేతిలో ఉంది?

ఎన్‌క్రిప్షన్ అంటే ఏంటి?

సమాచారాన్ని ఎవరూ చదవలేని గందరగోళంగా మార్చేయడమే ఎన్‌క్రిప్షన్. దాన్ని మళ్లీ మామూలు రూపంలోకి తేవాలంటే ‘కీ’ కావాలి. కీ అంటే నిజానికి చాలా పెద్ద సంఖ్య. ఇప్పుడు విస్తృతంగా వాడే ఏఈఎస్-256 పద్ధతిలో దాని పొడవు 256 బిట్లు. ఒక్కో సంఖ్యనూ ప్రయత్నిస్తూ పోయి సరైన కీని పట్టుకోవడం ఇప్పుడున్న కంప్యూటర్ల వల్ల కాదు. అందుకే దొంగలు తాళం పగలగొట్టాలని చూడరు. తాళం చెవి కోసం వెతుకుతారు.

అమెజాన్ వారి క్లౌడ్ స్టోరేజీ ‘ఎస్3’లో 2023 జనవరి నుంచి కొత్తగా చేరే ప్రతి ఫైలూ ఎవరూ అడగకపోయినా ఎన్‌క్రిప్ట్ అవుతోంది. డేటా సెంటర్‌లోని హార్డ్ డిస్క్‌ను ఎవరైనా ఎత్తుకెళ్లినా అందులో చదవడానికి ఏమీ దొరకదు. కాకపోతే ఈ ఏర్పాటులో డేటాతోపాటు కీని కూడా క్లౌడ్ సంస్థే చూసుకుంటుంది.

కస్టమర్ చేతిలో కీ ఉంటే తేడా ఏంటి?

ఇక్కడ కస్టమర్ అంటే మీరు కాదు. క్లౌడ్‌ను అద్దెకు తీసుకున్న బ్యాంకు, ఆసుపత్రి లేదా ప్రభుత్వ శాఖ. ‘కస్టమర్ మేనేజ్డ్ కీ’ విధానంలో కీని ఎవరు వాడొచ్చు, ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపేయాలి అన్నది ఆ శాఖే నిర్ణయిస్తుంది. కీని ఎవరు ఎప్పుడు వాడారో లాగ్‌లో నమోదవుతుంది. ఏదైనా తేడా కనిపిస్తే కీని నిలిపేయొచ్చు. దాంతో ఆ డేటాను తెరవడం ఎవరికీ కుదరదు.

లోపల జరిగేది ఇదీ. ఫైళ్లకు, డేటాబేస్‌లకు వేర్వేరు కీలు ఉంటాయి. ఆ కీలన్నింటినీ మళ్లీ ఒక మాస్టర్ కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తారు. గదుల తాళాలన్నీ బీరువాలో పెట్టి, బీరువా తాళం చెవిని మాత్రం అమ్మ కొంగున ముడి వేసుకున్నట్టు. మాస్టర్ కీ మారినప్పుడు లోపలి కీలకు కొత్త తాళం వేస్తే చాలు, కోట్ల రికార్డులను తిరగరాయనక్కర్లేదు.

ఈ మాస్టర్ కీని సాధారణ సర్వర్లో ఉంచరు. హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్, అంటే హెచ్‌ఎస్‌ఎం అనే ప్రత్యేక పరికరంలో ఉంచుతారు. తాళం తీసే పని ఆ పరికరంలోనే జరుగుతుంది. కీ మాత్రం బయటికి రాదు.

ఇందులోనూ స్థాయిలున్నాయి. మామూలుగా ఆ హెచ్‌ఎస్‌ఎం క్లౌడ్ సంస్థదే, అధికారం మాత్రం కస్టమర్‌ది. ఇంకాస్త జాగ్రత్త కావాలనుకునేవారు కీని క్లౌడ్‌కు బయట, తమ సొంత పరికరంలోనే ఉంచుకుంటారు.

ఆధార్ విషయంలో ఏం చేశారు?

ఆధార్ నంబర్లు నిల్వ చేసే సంస్థలకు 2017 జులైలో యూఐడీఏఐ ఒక నిబంధన పెట్టింది. నంబర్లను ఎక్కడపడితే అక్కడ ఉంచకూడదు. ‘ఆధార్ డేటా వాల్ట్’ అనే ఒకే చోట ఎన్‌క్రిప్ట్ చేసి దాచాలి. దాని కీలు హెచ్‌ఎస్‌ఎంలోనే ఉండాలి. మిగతా డేటాబేస్‌లన్నింటిలో ఆధార్ నంబరుకు బదులు ‘రిఫరెన్స్ కీ’ అనే వేరే నంబరు వాడాలి. అప్పుడు ఆ డేటాబేస్‌లలో ఒకటి బయటికి పొక్కినా మీ అసలు ఆధార్ నంబరు అందులో ఉండదు.

కీ చేతిలో ఉంటే ఇక భయం లేదా?

ఉంది. 2019లో అమెరికాకు చెందిన క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి 10 కోట్ల మందికి పైగా వివరాలు చోరీ అయ్యాయి. అవి క్లౌడ్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నవే. అయితే ఫైర్‌వాల్ సెట్టింగులో లోపాన్ని వాడుకుని, డేటా చదివే అనుమతి ఉన్న ఖాతాలోకి చొరబడ్డారు. ఆ అనుమతితోనే డేటా తాళం కూడా తెరుచుకుంది. ముందే టోకెన్లుగా మార్చి ఉంచిన వివరాలు మాత్రం భద్రంగా ఉన్నాయని బ్యాంకు ప్రకటించింది. ఆధార్ రిఫరెన్స్ కీ వెనక ఉన్న ఆలోచనా ఇలాంటిదే.

2025 జనవరిలో మరో తరహా దాడి వెలుగు చూసింది. దొంగలు సంస్థల అమెజాన్ ఖాతాల్లోకి చొరబడి, అక్కడి ఫైళ్లను తమ సొంత కీతో ఎన్‌క్రిప్ట్ చేసేశారు. కీ కావాలంటే డబ్బు కట్టమన్నారు. మన ఇంటికి దొంగ తన తాళం వేసుకుని కూర్చున్నట్టన్నమాట.

మూడో ప్రమాదం మన చేతులారా చేసుకునేది. కీ పోతే డేటా ఉన్నా లేనట్టే. అందుకే అమెజాన్‌లో కీని తొలగించమని కోరితే వెంటనే తొలగించరు. 7 నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. అది దాటి కీ పోయాక, అక్కడ తయారైన కీని అమెజాన్ కూడా వెనక్కి తేలేదు.

చట్టం ఏం చెబుతోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. సరైన భద్రతా ఏర్పాట్లు లేక మీ డేటా బయటికి పొక్కితే సంబంధిత సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా వేయొచ్చు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు ఎన్‌క్రిప్షన్‌ను, లాగ్‌ల నిర్వహణను, బ్యాకప్‌లను పేరు పెట్టి ప్రస్తావించాయి. వీటి అమలుకు సంస్థలకు 18 నెలల సమయం ఇచ్చారు.

మీరేం చేయొచ్చు?

వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్తే ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్’ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే గూగుల్ డ్రైవ్ లేదా ఐక్లౌడ్‌లోని మీ బ్యాకప్‌ను ఆ సంస్థలు గానీ, వాట్సాప్ గానీ చదవలేవు. ఐఫోన్‌లో ‘అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్’ ఆన్ చేస్తే ఐక్లౌడ్‌లోని ఫొటోలు, నోట్స్ కీలు మీ పరికరాల్లోనే ఉంటాయి.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపే అలవాటుంటే ఒక్కసారి ఆగండి. మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం.. ఇదే దాని పాస్‌వర్డ్. మిమ్మల్ని ఎరిగినవారెవరైనా తెరవగలరు. చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ సరిపోయే చోట అదే ఇవ్వండి.

ఇక, వాట్సాప్ బ్యాకప్‌కు 64 అంకెల కీని ఎంచుకుంటే దాన్ని కాగితం మీద రాసి దాచుకోండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే, ఫోన్‌తోపాటే కీ కూడా పోతుంది. అప్పుడు వాట్సాప్‌ను అడిగినా ఉపయోగం ఉండదు. ఆ కీ వాళ్ల దగ్గర కూడా లేదు మరి.