సావిన్యీ భోగవాదము – మితాక్షరలోని భుక్తివిచారము

వ్యవహారాధ్యాయము పాఠము జరుగుచుండగా ఒకనాడు కొల్లేటి లంకగ్రామమునుండి వచ్చిన విద్యార్థి యొకడు నన్నిట్లడిగెను: “గురువుగారూ! నీరు నిండియున్నప్పుడు మావారు చేపలు పట్టుదురు. నీరు తీసిన పిదప ఆ నేలయందే దాళ్వా నాటుదురు. తాతలనాటినుండి ఇదియే మా బ్రతుకు. కాగితము మాత్రము లేదు. ఆ నేల మాదగునా, కాదా?” యాజ్ఞవల్క్య వచనములను చెప్పి అప్పటికి సమాధానపరచితిని గాని, ప్రశ్న నన్ను విడువలేదు. దానిని గూర్చి చదువుచుండగా, అనుభవించుటకును స్వామ్యమునకును గల సంబంధమును విచారించియే జర్మనీ దేశీయుడైన ఒక న్యాయశాస్త్రవేత్త తన ఇరువదినాలుగవ యేట విఖ్యాతుడయ్యెనని తెలిసినది. ఆతడే ఫ్రీడ్రిక్ కార్ల్ ఫాన్ సావిన్యీ. ఆతని జీవితమును, సిద్ధాంతమును మన శాస్త్రముతో పోల్చి చూచుట ఈ వ్యాసోద్దేశము.

సావిన్యీ 1779 ఫిబ్రవరి 21వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున జన్మించెను. పదుమూడేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులిరువురును గతించిరి. సంరక్షకుడు ఆతనికి న్యాయశాస్త్రమునందు ప్రవేశము కలిగించెను. మార్‌బుర్గ్ విద్యాలయమున చదివి, 1800లో పట్టమును పొంది, అచ్చటనే బోధకుడయ్యెను. 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయము వెలసినప్పుడు అందు ఆచార్యపీఠము నధిష్ఠించెను. మధ్యయుగములలోని రోమను ధర్మశాస్త్ర చరిత్రను ఆరు సంపుటములుగను, తన కాలపు రోమను ధర్మశాస్త్ర వ్యవస్థను ఎనిమిది సంపుటములుగను రచించెను. 1842 నుండి 1848 వరకు ప్రష్యా రాజ్యమున శాసనసంస్కరణ మంత్రిగా నుండి, 1861 అక్టోబరు 25న బెర్లినులో పరమపదించెను.

ఆతనికి కీర్తి తెచ్చిన ప్రథమగ్రంథము భోగాధికారమును గూర్చినది, 1803లో వెలువడెను. వస్తువు చేతిలో నుండుట వేరు, దానిని భోగించుట వేరు అని ఆతని మతము. ఇంటిని అద్దెకు తీసికొన్నవాడు ఇంటిలో నున్నను, అది తనదను బుద్ధితో నుండడు. వస్తువు వశమునందుండుట, తనదిగా నుంచుకొనవలెనను సంకల్పము – ఈ రెండును కలసిననే భోగము సిద్ధించును. అట్టి భోగమునకు ఫలములు రెండు. భోగించువానిని బలాత్కారముగా తొలగింపరాదు. అతడు స్వామియా కాడా యను విచారము తరువాతిది. ఇది మొదటిది. సద్బుద్ధితో, న్యాయమైన కారణముతో మొదలైన భోగము కాలక్రమమున స్వామ్యముగా పరిణమించుట రెండవది.

1814లో మరియొక వివాదము తలయెత్తెను. నెపోలియను అధికారము కూలినపిమ్మట, జర్మను రాజ్యములన్నిటికిని ఒకే శాసనసంహితను నిర్మింపవలెనని హైడెల్‌బర్గ్ ఆచార్యుడు థీబో ప్రతిపాదించెను. సావిన్యీ వెంటనే చిన్న గ్రంథమున ప్రత్యుత్తరమిచ్చెను. ధర్మము రాజాజ్ఞచే పుట్టునది కాదు. భాషవలెనే జనుల వాడుకలో పుట్టి, వారి ఆచారమున పెరిగి, పిదప శాస్త్రజ్ఞుల చేతులలో రూపము దాల్చునని ఆతడు వాదించెను. భాష పుట్టిన పిదప వ్యాకరణము వచ్చినట్లే ఆచారము వెనుక శాసనము రావలయునని తాత్పర్యము. సమస్త జర్మనీకి పౌరసంహిత 1900 జనవరి 1న గాని అమలులోనికి రాలేదు.

ఈ వాదము మితాక్షర చదివినవారికి క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు స్వత్వము శాస్త్రైకసమధిగమ్యమా, లౌకికమా యని ప్రశ్నించుకొని, లౌకికమే యని నిర్ణయించెను. శాస్త్రమెరుగని ప్రత్యంతవాసులును క్రయవిక్రయములు చేయుచున్నారు గదా! ఇది నాది, అది నీది యను వ్యవహారము వారియందును కలదు. కావున స్వత్వము లోకమున ముందే యున్నది. శాస్త్రము దానిని నియమించును. పదుమూడవ శతాబ్దమున కేతన దీనిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేయుటచే మన భాషయందు ధర్మశాస్త్రవిచారము అంత ప్రాచీనమైనది.

అయినను ఉభయులకును భేదమున్నది. యాజ్ఞవల్క్యుడు లిఖితము, భుక్తి, సాక్షులు అను మూడు ప్రమాణములను చెప్పెను. స్వామి చూచుచు ఊరకున్నచో భూమి ఇరువదేండ్లకును, ఇతరధనము పదేండ్లకును హాని పొందునని నియమించెను. రోమను ధర్మమునను పది, ఇరువది యను సంఖ్యలే యున్నవి. కాని అందు ఉభయవాదులు ఒకేచోట నివసించినచో పదేండ్లు, వేర్వేరు చోట్ల నున్నచో ఇరువదేండ్లు. సంఖ్యాసామ్యమును బట్టి ఒకరినుండి యొకరు గ్రహించిరని తలపరాదు. అదిగాక విజ్ఞానేశ్వరుడు, ఇరువదేండ్ల భోగముచే నష్టమగునది ఫలమే గాని భూమి కాదని వ్యాఖ్యానించెను. మరియు ఆధి, సీమ, బాలధనము, స్త్రీధనము, శ్రోత్రియధనము, రాజధనము మొదలగునవి ఇట్టి భోగముచే నశింపవని మూలవచనమే చెప్పుచున్నది.

సారాంశమేమనగా, మనవారికి భోగము కంటె ఆగమము బలవత్తరము. ఆగమమనగా క్రయము, దానము మొదలగు ప్రాప్తిహేతువు. ఆగమము లేక నూర్లకొలది యేండ్లు అనుభవించినను వానిని చోరునివలె దండింపవలెనని నారదుడు శాసించెను. ఇట పూర్వక్రమాగతమైన భోగము మాత్రము అపవాదము. విజ్ఞానేశ్వరుడు దీనిని సమన్వయించిన తీరు మనోహరము. మానవుని జ్ఞప్తికి అందు కాలము సుమారు నూరేండ్లు. అందులో ఆగమము చూపకయే భోగము చెల్లదు. అది దాటిన పిదప ఆగమము తెలియదనుట దోషము కాదు. ఆగమము లేదను ప్రసిద్ధి యున్నచో మాత్రము భోగమప్పుడును నిలువదు.

ఆంగ్లేయ న్యాయస్థానములును ఆచారప్రాబల్యమును కాదనలేకపోయినవి. స్పష్టముగా నిరూపింపబడిన ఆచారము శాస్త్రవచనమును మించునని 1868లో ప్రీవీ కౌన్సిలు మధుర కలెక్టరు వ్యాజ్యెమున తీర్పు చెప్పెను. నేటి కాలపరిమితి చట్టము (1963) ప్రకారము ప్రతికూలభోగమునకు సామాన్యులపై పండ్రెండేండ్లు, ప్రభుత్వముపై ముప్పదేండ్లు గడువు. రాజధనము భోగముచే నశింపదన్న యాజ్ఞవల్క్యునికంటె ఈ చట్టము భోగించువానియెడ ఉదారమైనది.

ఇక కొల్లేరు. తమ్మిలేరు, బుడమేరు మున్నగునవి ఇందు చేరును. ఉప్పుటేరు ఈ జలమును సముద్రమునకు చేర్చును. 1970 దశకమున ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘములకు ఇచ్చట చెరువులు ఏర్పరచెను. 1999లో ఐదడుగుల కాంటూరు వరకు పక్షిసంరక్షణ కేంద్రముగా ప్రకటించెను. 2006లో చేపలచెరువుల గట్లను కొట్టివేయించెను. పట్టా కలవాడు, సంఘము ద్వారా పొందినవాడు, తాతలనాటి వేటగాడు, ధనబలముతో గట్టు వేసినవాడు – నలువురును ఒకే నేలపై నిలిచిరి. నలువురిని ఒకే మాటతో ఆక్రమణదారులనుట శాస్త్రసమ్మతము కాదు. మొదటి యిరువురకును ఆగమము కలదు. మూడవవానికి పూర్వక్రమాగత భోగము కలదు. నాల్గవవానికి బలము తప్ప వేరొండు లేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము, గిరిజనేతర సాంప్రదాయిక వనవాసులకు మూడు తరముల నివాసమును, తరమునకు ఇరువదియైదేండ్ల చొప్పున, ప్రమాణముగా స్వీకరించుట మన త్రిపురుషభోగ నియమమునకు చేరువైనదే గదా!

సావిన్యీయందు ఒక లోపము చెప్పక తప్పదు. ధర్మము జనులలో పుట్టునని చెప్పినవాడు జీవితమంతయు రోమను గ్రంథములలోనే గడపెను. పల్లెల ఆచారములను సేకరించినది ఆతని శిష్యుడు యాకోబ్ గ్రిమ్. గ్రంథములను నమ్ముకొన్న మావంటి వారికిని ఆ లోపమే కలదు. విద్యార్థి ప్రశ్నకు నేడు నా సమాధానమిది: నాయనా! మీ భోగము ఎన్ని తరములదో, ఎట్లు మొదలైనదో పెద్దలనడిగి వ్రాయించుము. లిఖితము లేనిచోట సాక్షులును, భుక్తియును ప్రమాణములు. ఆ పెద్దలు గతించిన పిదప మిగులునది భుక్తి యొక్కటియే. ఒంటరి భుక్తి దుర్బలము. ఇత్యలమతివిస్తరేణ.