పైన సూర్యుడి గుడి, కింద చీకటి నది

బెలీజ్ మధ్య అమెరికాలో కరీబియన్ సముద్రపు ఒడ్డునున్న చిన్న దేశం. విస్తీర్ణం సుమారు 23 వేల చదరపు కిలోమీటర్లు. పొద్దున మాయన్ల పిరమిడ్ ఎక్కి, మధ్యాహ్నం గుహల్లో పారే నదిలో ట్యూబు మీద తేలుతూ సాగి, చీకటి పడేలోగా బెలీజ్ సిటీకి తిరిగి రావచ్చు. పర్యాటక సంస్థలు ఈ రెండింటినీ ఒకే టిక్కెట్టులో కలిపింది సౌలభ్యం కోసమే. మాయన్ల నమ్మకంలో మాత్రం గుడికీ గుహకూ విడదీయరాని బంధం ఉంది.

బెలీజ్ సిటీకి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఆల్టున్ హా ఉంది. క్రీస్తుకు పూర్వమే జనం స్థిరపడిన ఈ ఊరు వెయ్యేళ్లకు పైగా బతికింది. కెనడాలోని రాయల్ ఒంటారియో మ్యూజియం తరఫున డేవిడ్ పెండర్‌గాస్ట్ 1964 నుంచి 1970 దాకా ఇక్కడ తవ్వకాలు జరిపారు. రెండు విశాలమైన ముంగిళ్లు, వాటి చుట్టూ గుళ్లు, మేడలు, కొంత దూరంలో ఊరికి నీళ్లిచ్చిన చెరువు బయటపడ్డాయి. మిగతా మాయన్ నగరాల్లో రాజుల చరిత్ర చెక్కిన నిలువురాళ్లు కనిపిస్తాయి. ఇక్కడ అలాంటివి దొరకలేదు. అందుకే ఈ ఊరి కథను సమాధులే చెప్పాలి.

ఆ కథలో గొప్ప ఘట్టం 1968లో బయటపడింది. దాదాపు 16 మీటర్ల ఎత్తున్న గుడి లోపల ఒక వృద్ధుడి సమాధిలో పచ్చని జేడ్ రాయితో చెక్కిన తల దొరికింది. ఎత్తు 15 సెంటీమీటర్లే గానీ బరువు 4.42 కిలోలు. పెండర్‌గాస్ట్ దాన్ని సూర్యదేవుడు కినిచ్ అహావ్‌గా గుర్తించారు. బెలీజ్‌లో జేడ్ దొరకదు. అది గ్వాటెమాలాలోని మోటగ్వా లోయ నుంచి రావాలి. లోహపు పనిముట్లు లేకుండా, రాతిని రాతితోనే అరగదీసి ఈ ముఖాన్ని మలిచారంటే ఆ చేతుల ఓర్పుకు నమస్కరించాల్సిందే. అంత విలువైన రాయిని కూడా వాళ్లు దాచుకోలేదు. గుడి పైనున్న గుండ్రటి బలిపీఠం మీద జేడ్ నగలను ముక్కలు చేసి, కోపల్ అనే సుగంధ గుగ్గిలంతో పాటు నిప్పుల్లో వేసి దేవుడికి అర్పించారు. దేశపు బీరు సీసాల మీద బొమ్మగా కనిపించేది ఈ గుడే.

అక్కడి నుంచి బెలీజ్ సిటీకి వెనక్కి వచ్చి, పడమటి రహదారి మీద సుమారు 60 కిలోమీటర్లు పోయి, పక్కదారి పడితే నోహోచ్ చెయెన్ పురావస్తు క్షేత్రం వస్తుంది. కేవ్స్ బ్రాంచ్ నది ఇక్కడ సున్నపురాతి కొండలను తొలుచుకుని పారుతోంది. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు సున్నపురాతిని మెల్లగా కరిగిస్తుంది. బొర్రా గుహలను మలిచిన పని కూడా ఇదే. తేడా ఏమిటంటే, ఇక్కడ నదే దారి.

హెల్మెట్, తల దీపం, లైఫ్ జాకెట్ తగిలించుకుని, ట్యూబు చేతబట్టి అడవిలో నడవాలి. మన పల్లెల్లో పిల్లలు బావిలో ఈత నేర్చుకునే లారీ ట్యూబు లాంటిదే ఇది. నీళ్లలో దిగాక గైడు ట్యూబులన్నీ వరుసగా జతచేసి నడిపిస్తాడు. గుహలోకి వెళ్లిన కాసేపటికే పగటి వెలుగు ఆగిపోతుంది. పైకప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలు దీపపు కాంతిలో మెరుస్తాయి.

మాయన్లకు ఈ చీకటి వినోదం కాదు. గుహ పాతాళలోకానికి ద్వారం. కీచే మాయన్ల పవిత్ర గ్రంథం పొపోల్ వూహ్ ఆ లోకాన్ని షిబాల్బా అంటుంది. వానదేవుడు చాక్ ఉండేదీ గుహల్లోనే. అందుకే బెలీజ్ గుహల్లో మట్టికుండలు, మనుషుల ఎముకలు దొరుకుతున్నాయి. తొమ్మిదో శతాబ్దంలో కరవులు వచ్చిన కాలంలో వాళ్లు గుహల లోతుల్లోకి వెళ్లి అర్పణలు చేశారని పురావస్తు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. గుడిని కొండగా, గుహను దాని గర్భంగా చూసిన జనానికి రెండూ ఒకే పూజలో భాగాలు.

ఎండ ముదరక ముందే ఆల్టున్ హా చూసి, తర్వాత నదికి వెళ్లడం మేలు. జూన్ నుంచి నవంబరు దాకా వానాకాలం. నది పొంగితే గుహల్లోకి అనుమతించరు. ఫిబ్రవరి నుంచి మే వరకు అనువైన సమయం. తడిసినా జారని బూట్లు తప్పనిసరి. సున్నపు ఊడలను ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటితే వాటి పెరుగుదల దెబ్బతింటుంది. కుండపెంకు కనిపిస్తే ఉన్నచోటే ఉంచండి, అది ఎవరో వానకోసం పెట్టిన మొక్కు కావచ్చు.