సేవకుని విశ్రాంతి, సంఘం బాధ్యత

గోదావరి జిల్లాల్లో పాస్టరుగారి వారం ఎలా గడుస్తుందో మనకు తెలుసు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో గృహ కూడికలు, ఆసుపత్రి పరామర్శలు, భూస్థాపనలు. అయ్యగారు తన పిల్లలతో కూర్చుని భోంచేసే పూట ఏది? అందరి కష్టాలూ వినే అమ్మగారి కష్టం వినేదెవరు?

విశ్రాంతి తీసుకుంటే సేవ వదిలేసినట్టని కొందరి భావన. మన చరిత్ర అలా చెప్పదు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ ఆరోగ్యం చెడి, కొన్నేళ్లకే అమెరికా వెళ్లారు. అక్కడ వైద్యం చదివి మళ్లీ గుంటూరు చేరారు. 1869లో రాజమండ్రి మిషన్ వేరే సొసైటీ చేతికి వెళ్లబోతోందని తెలిసి, 76 ఏళ్ల వయసులో ఇంకోసారి ఓడెక్కి వచ్చి ఆ పనిని నిలబెట్టారు. తొలిసారే ఆరోగ్యాన్ని లెక్కచేయకుండా ఉండిపోయి ఉంటే, ఆయన రాజమండ్రికి దక్కేవారా?

తినడానికైనా తీరిక లేని శిష్యులను ప్రభువే విశ్రాంతికి పిలిచాడు (మార్కు 6:31). చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు రొట్టె, నీళ్లు పెట్టాడు. ప్రయాణం మాట తర్వాత ఎత్తాడు.

సంఘపెద్దలకు మా మనవి ఒక్కటే. వారంలో ఒక రోజు, సోమవారమైనా సరే, పాస్టరుగారి కుటుంబానికి వదిలేయండి. ఆ రోజు వచ్చే ఫోన్లు మీరు తీసుకోండి, పరామర్శలకు మీరు వెళ్లండి. ఏటా ఆయనకూ అమ్మగారికీ ఆరోగ్య పరీక్షలు సంఘం ఖర్చుతో చేయించండి. అయ్యగార్లూ, పెద్దలు చేయగల పని వారికే అప్పగించండి. మీ ఇల్లు కూడా దేవుడు మీకు అప్పగించిన మందే.