లేజర్ ప్రింటరులో కాగితం ఇరుక్కోవడం

లేజర్ ప్రింటరులో కాగితం ఇరుక్కోవడం అనగా ముద్రణ కొరకు ట్రే నుండి బయలుదేరిన కాగితము నిర్ణీత సమయంలో బయటకు రాక యంత్రం లోపలే నిలిచిపోవడం. దీనిని వాడుకలో పేపరు జామ్ అంటారు. ఎప్పుడో ఒకసారి జరిగితే అది కాగితపు దోషం కావచ్చు. పది, ఇరవై పుటలకొకసారి, అదీ ఒకే చోట జరుగుతూ ఉంటే యంత్రంలో ఏదో ఒక భాగము అరిగిపోయిందని భావించవలెను. పాత ప్రింటర్లలో ఆ భాగము తరచుగా ఒక చిన్న రబ్బరు ముక్క మాత్రమే. ఈ సంగతి తెలియక ఇంకా పనికివచ్చే యంత్రాలను తుక్కు క్రింద అమ్మివేయడం కద్దు.

నేపథ్యం

లేజర్ ప్రింటరును జిరాక్స్ సంస్థలో గేరీ స్టార్క్‌వెదర్ రూపొందించాడు. ఆ సంస్థ 1977లో 9700 అనే నమూనాను విడుదల చేసింది. 1984లో వచ్చిన హ్యూలెట్-పాకార్డ్ లేజర్‌జెట్ ద్వారా ఈ యంత్రము సామాన్య కార్యాలయాలకు చేరింది. దాని లోపలి యంత్రాంగము కానన్ సంస్థ తయారీ. తెలుగునాట డి.టి.పి. కేంద్రాలలో, కార్యాలయాలలో విరివిగా వాడిన లేజర్‌జెట్ 1020, కానన్ ఎల్.బి.పి. 2900 నమూనాలకు కూడా ఈ బంధుత్వం ఉంది. కనుక క్రింది వివరాలు రెండింటికీ చాలావరకు వర్తిస్తాయి.

ఎక్కడ ఆగింది?

ప్రింటరు కాగితాన్ని చూడలేదు. కాగితపు దారిలో అక్కడక్కడ చిన్న ప్లాస్టిక్ మీటలు ఉంటాయి. కాగితము వచ్చి మీటను నెట్టగానే దాని రెండవ కొన ఒక కాంతి సెన్సరు నుండి ప్రక్కకు తొలగుతుంది. అనుకున్న వ్యవధిలో మీట కదలకపోయినా, కదిలినది తిరిగి యథాస్థానానికి రాకపోయినా యంత్రం దానిని జామ్‌గానే పరిగణించి ఆగిపోతుంది. అందువలన లోపల కాగితం ఏమీ లేకున్నా జామ్ సూచన రావచ్చు. చిరిగిన కాగితపు ముక్క మీట క్రింద ఉండిపోవడం దీనికి సాధారణ కారణం.

మూత తెరచిన వెంటనే కాగితాన్ని లాగివేయకుండా, దాని ముందు అంచు ఎంతవరకు వచ్చిందో గమనించాలి. సగం నిర్ధారణ అక్కడే జరుగుతుంది.

ట్రే వద్ద

కాగితం ట్రేలోనే ఉండిపోయినా, కొంచెం కదిలి ఆగినా, రెండు మూడు కాగితాలు కలిసి వచ్చినా పికప్ రోలరును, సెపరేషన్ ప్యాడును అనుమానించాలి. రోలరు పై కాగితాన్ని లోనికి లాగుతుంది. దాని క్రింది ప్యాడు రెండవ కాగితాన్ని వెనుకకు పట్టి ఉంచుతుంది. రోలరు నునుపెక్కితే కాగితం జారి ఆలస్యంగా చేరుతుంది. ప్యాడు అరిగితే జంట కాగితాలు వస్తాయి. కాబట్టి రెండింటినీ కలిపి మార్చడమే ఉత్తమం.

ముందుగా శుభ్రపరచి చూడవచ్చు. తీగను గోడ నుండి తీసివేసి, కార్ట్రిడ్జిని బయటకు తీసి, డ్రమ్ముపై వెలుతురు పడకుండా గుడ్డ కప్పి ఉంచాలి. 1020లో రోలరుకు ఇరుప్రక్కల ఉన్న చిన్న తెల్లని కొక్కేలను విడదీసి, రోలరును ముందుకు త్రిప్పితే అది చేతికి వస్తుంది. నూగు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి తుడిచి, పూర్తిగా ఆరిన పిదప బిగించాలి. ఒక ప్రక్క గుండ్రని మొన, రెండవ ప్రక్క పలకల మొన ఉండుటచే దానిని తారుమారుగా అమర్చడం సాధ్యం కాదు. ప్యాడును మార్చడానికి యంత్రపు వెనుకవైపు ఉన్న రెండు మరలను విప్పితే చాలు. రోలరును గరుకు కాగితంతో రుద్దే పద్ధతి కూడా ఉంది గాని, దాని వలన కలిగే మేలు కొద్దిరోజులే.

కొత్త రబ్బరు వేసినా జామ్ తగ్గకపోతే సోలినాయిడ్‌ను పరీక్షించాలి. రోలరు ఎప్పుడు తిరగవలెనో నిర్ణయించే విద్యుదయస్కాంతపు మీట ఇది. చప్పుడు రాకుండా దానికి అంటించిన మెత్తని స్పాంజి ఏళ్ళు గడిచేసరికి జిగురుగా మారి మీటను క్షణకాలం పట్టి ఉంచుతుంది. ఆ కొద్దిపాటి ఆలస్యమే జామ్‌కు చాలు. జిగురును గీకివేసి పలుచని గుడ్డ టేపు అంటించితే సరిపోతుంది.

ఫ్యూజరు వద్ద

కాగితము విసనకర్ర మడతలవలె ముడుచుకొని వెనుక భాగంలో చిక్కితే దోషం ఫ్యూజరులోనో, దాని తరువాతి రోలర్లలోనో ఉంటుంది. టోనరు పొడిని కరిగించి కాగితానికి అతికించే ఈ భాగము 200 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా వేడెక్కుతుంది కనుక చల్లారనిచ్చి పని మొదలుపెట్టాలి. చిన్న ప్రింటర్లలో వేడి పలకపై పలుచని ఫిల్ము గొట్టము తిరుగుతూ ఉంటుంది. స్క్రూడ్రైవరుతో కాగితాన్ని గెలికినా, స్టేపుల్ పిన్నుతో కాగితం లోనికి పోయినా ఈ ఫిల్ము చిరుగుతుంది. పొదుపు కొరకు ఒకవైపు ముద్రించిన కాగితాలను తిరిగి వాడే కార్యాలయాలలో ఇది ఎక్కువ. అటువంటి కాగితము మొదటి వేడికే వంపు తిరిగి ఉండడం మరొక ఇబ్బంది.

చిక్కిన కాగితాన్ని రెండు చేతులతో, వీలైనంతవరకు అది ప్రయాణించే దిశలోనే, నిదానంగా లాగాలి. ఫ్యూజరుకు చేరని కాగితంపై టోనరు అతుక్కొని ఉండదు. చేతులకు, బట్టలకు అంటితే చన్నీటితోనే కడగాలి. వేడినీరు దానిని మరింత పట్టించివేస్తుంది.

కాగితము, తేమ

కోస్తా జిల్లాలలో వానాకాలంలో మాత్రమే జామ్‌లు పెరిగితే యంత్రాన్ని విప్పే ముందు కాగితాన్ని మార్చి చూడాలి. తేమ పీల్చిన కాగితం ఫ్యూజరు వేడికి చుట్టుకుపోతుంది. 75 లేదా 80 గ్రాముల కాగితాన్ని పొట్లం విప్పకుండా ఉంచి, ఆనాటి పనికి సరిపడా మాత్రమే ట్రేలో వేయడం మంచిది. రాత్రంతా ట్రేలో మిగిలిన నాలుగు కాగితాలే మరునాడు ఉదయం మొదటి జామ్‌కు కారణం కావచ్చు.